టైపు మిషన్లకు బొట్టు

నేనిప్పుడు మీకు వినిపించబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ధీరుడైన నాయకుడున్నాడు. ఆయనకు ఎదురు నిలిచిన బలవంతుడున్నాడు. యుద్ధం ఉంది, ప్రతిజ్ఞ ఉంది, విజయదశమి నాడు రాజవీధుల వెంట కదిలిన సేన ఉంది.

అంత లేదు లెండి. యుద్ధంలో పైకెత్తిన ఆయుధం ఒక కొబ్బరికాయ, అదీ పగలలేదు. సేన అంటే టైపు నేర్చుకుంటున్న నిరుద్యోగులం. రాజవీధులు అంటే అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా. తీరిగ్గా నడిచినా ఒక సిగరెట్టు అయిపోయి రెండోది గుర్తొచ్చేలోపు ముగిసే దూరం. ఇక నాయకుడు. టైపు మాస్టరు అయ్యుండి ఆయన టైపు కొట్టే వేగం మాలో మందకొడి వాడి వేగానికి కాస్త తక్కువ.

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే యాదగిరి కనిపించాడు. ఇద్దరం ఒకే ఏడు టైపు నేర్చుకున్నాం. వాడిప్పుడు గన్‌ఫౌండ్రీలో ఒక దఫ్తరులో గుమాస్తా. పలకరింపులు లేకుండా నా భుజం మీద చెయ్యి వేసి, "సార్ పోయిండు ర" అన్నాడు.

"ఏ సార్?"

"మనకెంతమంది సార్లున్నరు? కూసో సార్."

చేతిలో పుస్తకం కింద పెట్టాను. వాడే అందుకున్నాడు. "ధ్యానంల కూసోని, కూసున్నడు కూసున్నట్టే పోయిండంట. మొకం మీద నవ్వుండెనంట."

ఇలాంటివి నమ్మాలని నాకూ ఉంటుంది. కానీ మరునాడు ఆయన తమ్ముడి ఇంటికి వెళ్ళి కూర్చుంటే తేలిందేమిటంటే, ఆయన దవాఖానలో మంచం మీద, అందరిలాగే పడుకుని, నిమోనియాతో పోయారు. నవ్వు సంగతి తమ్ముడికి గుర్తులేదు. ముందురోజు సాయంత్రం మాత్రం ఉస్మానియా బిస్కట్టు కావాలని నర్సుతో గొడవ పెట్టుకున్నారట. ఇది విన్నాక ఆయనే పోయారని నాకు నమ్మకం కుదిరింది.

*

మేము టైపు నేర్చుకున్న ఆ ఏడు, అరవైతొమ్మిదిలో, కాలేజీలు మూతబడి ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం వచ్చాకే చదువు అని పిల్లలు, చదువు లేకపోతే రాష్ట్రంతో ఏం చేస్తారని పెద్దలు. మా నాయన రాజకీయం అంతా ఒక్క వాక్యంలో తేల్చేశాడు. "రాష్ట్రం ఒకటున్నా రెండున్నా టైపు కొట్టెటోడు కావాలె. పోయి నేర్చుకో."

అలా వెళ్ళాను. అబిడ్స్‌లో పోస్టాఫీసు వైపు పోయే దారిలో ఒక బట్టల దుకాణం, దాని పైన మేడ, మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్. మెట్లెక్కుతుంటే మిషన్ల చప్పుడు వినిపించాలి కదా, వినిపించలేదు. తలుపు తీసి చూస్తే డజను మంది మిషన్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. లోపల ఎవరో పోయారనుకున్నాను.

ఎదురుగా కుర్చీలో పొట్టిగా, గట్టిగా, నల్లగా ఒక మనిషి. చొక్కా కాలరు మాయకుండా మెడ చుట్టూ రుమాలు. ఒక కన్ను తెరిచి, "కూసో" అన్నారు.

"ఏ మిషన్ మీద సార్?"

"మిషన్ తర్వాత. ముందుగాల కూసో. శ్వాస వస్తున్నదా?"

"వస్తున్నది సార్."

"పోతున్నదా?"

"పోతున్నది."

"సూస్తున్నవా?"

"దాంట్ల సూసేదేముంది సార్. పుట్టినకాడికెళ్ళి గదే పని."

"గదే అంటున్న. పుట్టినకాడికెళ్ళి జరుగుతున్నది, ఒక్కనాడన్న సూసినవా?"

చూద్దామని కూర్చున్నాను. ముక్కు దురద పెట్టింది. తర్వాత మోకాలు. తర్వాత కింద రోడ్డు మీద మిరపకాయ బజ్జీల వాసన శ్వాసతోపాటు లోపలికి వచ్చింది, శ్వాసతోపాటు బయటికి పోలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. ఆయన మేజా మీద స్కేలుతో కొట్టినప్పుడు ఉలిక్కిపడి లేచాను.

"నిద్రపోయినవు" అన్నారు. "తప్పేం లేదు. కని దాన్ని నిద్ర అనాలె. ధ్యానం అనద్దు."

ఆయన వెనక గోడ మీద బుద్ధుడి క్యాలెండరు వేలాడుతుండేది. ఎప్పటిదో. డిసెంబరు కాగితం ఒక్కటే మిగిలి, పసుపుబారి, అంచులు చుట్టుకుపోయి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు తేదీ కోసం దానివైపు చూసి ఖంగుతినేవాళ్ళు. అందులో బుద్ధుడు సగం కళ్ళు మూసుకుని ఉంటాడు. మాలో చాలామంది ఆ పద్ధతి ఆయన దగ్గరే నేర్చుకున్నాం. మిగతా సగంతో గడియారం చూడొచ్చు.

"కూసో" అన్నది ఆయన పలకరింపు, సలహా, ఓదార్పు, సిద్ధాంతం. ఎవరికో తండ్రి చనిపోయాడంటే "కూసో" అనేవారు. ఇంకొకరికి నౌకరీ దొరికిందంటే అప్పుడూ "కూసో" అనేవారు, అదే గొంతుతో. నౌకరీ వచ్చినవాడు కాస్త చిన్నబుచ్చుకునేవాడు. తండ్రి పోయినవాడు మాత్రం చాలాసేపు కూర్చునేవాడు.

*

ఆయన కోపం గురించి చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

బౌద్ధుడంటే కోపం రాని మనిషని మా అందరి లెక్క. మెత్తగా నవ్వుతూ, చెంప చూపించమంటే రెండూ చూపించేవాడు. ఈ మనిషికి మాత్రం కోపం ఠక్కున వచ్చేది. రిబ్బను చింపితే వచ్చేది, కాగితాలు కొట్టేస్తే వచ్చేది, ఆడపిల్లలు కూర్చున్న వరుస వెనక చేరి పాటలు పాడితే మరీ వచ్చేది. వచ్చిన మరుక్షణం ఆయన చౌరస్తాలో పోలీసులాగా చెయ్యి పైకెత్తేవారు.

"కోపమొచ్చింది. జర ఆగు."

కళ్ళు మూసేవారు. తప్పు చేసినవాడు ఎదురుగా నిలబడి ఉండాలి. మిగతావాళ్ళం టైపు ఆపి చూసేవాళ్ళం. ముందు చెవులు ఎర్రబడేవి. తర్వాత దవడలు బిగిసేవి. కాసేపటికి పెదవులు వదులయ్యేవి. "ఆ, పోతున్నది" అనేవారు. "పోలే. మళ్ళ వచ్చింది." ఇంకాసేపు. ఎండాకాలం కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డట్టుండేది మా పని.

చివరికి కళ్ళు తెరిచి, "పోయింది" అనేవారు. తప్పు చేసినవాడు హాయిగా ఊపిరి పీల్చి వెనక్కి తిరగబోయేవాడు. అప్పుడు వచ్చేది అసలు మాట.

"కోపం పోయింది. నువ్వు చేసిన తప్పు గీడనే ఉన్నది. దాన్నేం జేద్దాం?"

అరిచే మాస్టర్లను మేము చాలామందిని చూశాం. అరుపు అయిపోతే లెక్క సమానం. ఈయన దగ్గర అరుపే ఉండేది కాదు కాబట్టి లెక్క ఎప్పటికీ సమానం అయ్యేది కాదు. చింపిన రిబ్బను అతికించేదాకా, పాట పాడినవాడు ఆ ఆడపిల్ల ముందుకు వెళ్ళి తలెత్తి క్షమించమని అడిగేదాకా, ఆయన నవ్వు ముఖంతో అక్కడే కూర్చునేవారు.

ఒకసారి యాదగిరి తెగించి అడిగేశాడు. "బుద్ధునికి కోపం రాదు గద సార్. మీకెందుకొస్తది?"

"నేను బుద్ధున్నా ర? టైపు మాస్టర్ను."

*

ఇంకొకటుంది, అది కోపం కన్నా ఎక్కువ మందికి గిట్టేది కాదు. ఆయన సంతోషం.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మూసి నాంపల్లి స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో కూర్చునేవారు. నా ఇల్లు స్టేషను వెనక గల్లీ కాబట్టి నేను వెంట ఉండేవాణ్ణి. చాయ్ ఆయనది కాబట్టి తప్పకుండా ఉండేవాణ్ణి. బిస్కట్టు చాయ్‌లో ముంచేవారు. అది విరిగి కప్పులో పడిపోతే అందరూ చిరాకు పడతారు. ఈయన కప్పులోకి తొంగిచూసి, ఏదో లాటరీ తగిలినట్టు పకపకా నవ్వేవారు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేవారు.

ఆయనది నల్గొండ వైపు పల్లె. తండ్రి చచ్చిన పశువులను మోసేవాడు, ఊళ్ళో చావుకూ పండుగకూ డప్పు కొట్టేవాడు. ఈ సంగతి ఆయన దాచేవారు కారు. అడిగితే, వాన పడుతున్నదన్నంత మామూలుగా చెప్పేవారు. అలాంటి చోటి నుంచి వచ్చిన మనిషి ఎలా ఉండాలో నగరంలో పెద్దమనుషులకు ఒక అంచనా ఉంటుంది. పళ్ళు కొరుకుతూ ఉండాలి, లేదా చేతులు కట్టుకుని ఉండాలి. మొదటిదైతే భయపడవచ్చు, రెండోదైతే జాలిపడవచ్చు. ఈయన రెండూ చెయ్యక, చాయ్‌లో మునిగిన బిస్కట్టును చూసి నవ్వుతుంటే వాళ్ళకు ఏం చెయ్యాలో తోచేది కాదు. కింద బట్టల దుకాణం సేటు నాతో అననే అన్నాడు: "మీ మాస్టరుకు గంత ఖుషీ ఏందయ్యా? ఏం జూసుకొని?"

సేటు అంటే మార్వాడీ కాదు, తెలుగు మనిషే, తాతల నాటి నుంచి హైదరాబాదులో వ్యాపారం. దుకాణమూ ఆయనదే, పైన మేడా ఆయనదే. చెడ్డవాడని చెప్పడానికి లేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకు జరిగి దారిచ్చేవాడు. అది మర్యాదా, దూరమా అన్నది మెట్ల వెడల్పును బట్టి ఊహించుకోవలసిందే.

ఆ ఏడు గొడవల వల్ల దుకాణాలు తెరిచిన రోజుల కన్నా మూసిన రోజులు ఎక్కువ. సేటుకు గిరాకీ పడిపోయింది. ఊరందరికీ పడిపోయింది, కానీ అందరికీ ఉన్న కారణమే తనకూ అంటే సేటుకు తృప్తి లేదు. పూజలు చేయించే ఎవరో అయ్యవారిని అడిగాడు. ఆయన దుకాణమంతా కలియజూసి, పైకప్పు వైపు వేలు చూపించాడట. నెత్తి మీద ఇంత ఇనుము, ఏళ్ళ తరబడి బొట్టూ పూజా లేకుండా పడి ఉంటే లక్ష్మి ఎక్కడ నిలుస్తుంది?

దసరాకు వారం ముందు సేటు మేడెక్కి వచ్చాడు. రావడం అదే మొదటిసారి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, ఈసారి ఆయుధపూజ మీ మిషన్లకు గూడ కావాలె. మీ చేతుల మీదనే. ఖర్చంత నాది."

"మేం చెయ్యం సేట్. ఆ రోజు నూనె పెట్టి తుడుస్తం. గదే మా పండుగ."

"గట్లంటె ఎట్ల? మీ బుద్ధుడు ఎవరు? విష్ణుమూర్తి అవతారమే గద. అంటె మావాడే గద."

"మీవాడైతె ఇన్నేండ్లు మీ ఇంటికి ఎందుకు పిలవలే?"

సేటు క్యాలెండరు వైపు చూశాడు. క్యాలెండరు సాయం చెయ్యలేదు. "నేను మాటలల్ల మీతోని గెలవను" అన్నాడు. "దసరా నాడు మీరు కొబ్బరికాయ కొట్టాలె. లేకుంటె మేడ ఖాళీ చెయ్యాలె. గింతే."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నెల రోజుల్లో టైపు పరీక్ష. అందులో పాసైతేనే నౌకరీకి దరఖాస్తు పెట్టుకోగలిగేవాళ్ళం మాలో సగం మంది. అబిడ్స్‌లో ఇంకొక మేడ అంటే ఆయన పేరు చెప్పి, ఊరు చెప్పి, ఆ తర్వాత ఇంటి యజమాని అడిగే ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పి, అప్పుడు దొరకాలి. ఈ మేడ దొరకడానికి ఆయన ఎన్ని మెట్లెక్కి దిగారో మాకెవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో బిస్కట్టు విరిగి చాయ్‌లో పడింది. ఆయన చూడలేదు.

నేను నాకు తెలిసిన జ్ఞానమంతా ఉపయోగించాను. "కుంకుమే గద సార్. మీరు పెట్టకున్రి, యాదగిరి పెడ్తడు. మీరు కళ్ళు మూసుకోన్రి. ఎట్లన్న మూసుకునేటోళ్ళే గద."

నవ్వుతారనుకున్నాను.

"భయమైతున్నది" అన్నారు. "సూస్తున్న. కోపమంత జల్ది పోదు ఇది."

"అయితె కోర్టుకు పోదాం సార్. కిరాయిదారుని ఊకెనే ఎల్లగొట్టరాదు. చట్టమున్నది."

"కోర్టుకు పోతె పదేండ్లు కోపంతోని కూసోవాలె. నాకు గంత తీరిక లేదు."

స్టేషనులో ఏదో బండి కూత పెట్టింది. తర్వాత ఆయనంతట ఆయనే చెప్పారు. యాభైఆరులో దసరాకు నాంపల్లిలో బండెక్కి, కాజీపేటలో మారి, నాగపూర్ వెళ్ళారట. ఆ దసరా నాడు అక్కడ ఒక మైదానంలో లక్షలమంది బౌద్ధం తీసుకున్నారు. ఈయన వాళ్ళలో ఒకరు.

"నాకు ఉపన్యాసాలు సగం అర్థం కాలే, మరాఠీ రాదు. కని గంతమంది మనోళ్ళల్ల ఒక్కని నడుం వంగి లేకుండె. గది సూసిన. వాపసు బండిల కూసోను జాగ లేదు, తిండి లేదు, కాళ్ళు గుంజుతున్నయి. నాకు నవ్వొస్తనే ఉన్నది. పక్కాయన అడిగిండు, ఏమైంది తమ్మీ అని. ఏం కాలే, ఏం కాలేదనే నవ్వొస్తున్నది అన్న."

"అటెనక?"

"ఇంటికి వచ్చినంక నవ్వు పోతదేమో అని భయమైంది. గందుకే కూసునుడు నేర్చుకున్న. రోజు కూసుంట, ఉన్నదా పోయిందా అని సూసుకుంట. ఇప్పటిదాంక ఉన్నది." కప్పు పక్కకు జరిపారు. "శాంతం అంటె సర్దుకపోవుడని నువ్వు అనుకుంటున్నవు. సర్దుకపోయినోని మొకం మా నాయనది సూసిన నేను. అది శాంతం కాదు. ఆయన ఒక్కనాడు గూడ నవ్వంగ సూడలే. నాకు సేట్ మీద పగ లేదు. కని ఆయన కోసం వంగితె ముందుగాల పొయ్యేది గా నవ్వు. మేడ ఇంకోటి దొరుకుతది."

దొరకదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వెయ్యడం నా వృత్తిధర్మం. "సార్, బిస్కట్టు పడ్డది" అన్నాను. చూసి, కొంచెం నవ్వారు.

*

దసరా పొద్దున అందరం మేడ మీద చేరాం. సెలవే, కానీ ఆ రోజు మిషన్లు తుడిచినవాళ్ళకు చాయ్, మిర్చి బజ్జీ ఇవ్వడం అక్కడి ఆచారం. నూనె, పాతగుడ్డలు, పళ్ళు తోముకునే బ్రష్షులు పట్టుకుని కూర్చున్నాం. పండుగ కాబట్టి ఆయన ఉతికిన రుమాలు చుట్టుకున్నారు.

సేటు వచ్చాడు. వెనక అయ్యవారు, అయ్యవారి చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కుంకుమ, పసుపు, నిమ్మకాయలు, వెలిగించిన కర్పూరం. ఇంకో చేతిలో కొబ్బరికాయ.

"ముహూర్తం ఉన్నది సార్. కానియ్యున్రి" అన్నాడు సేటు.

అయ్యవారు కొబ్బరికాయను మాస్టరు చేతికి అందించబోయాడు. మాస్టరు చెయ్యి పైకి లేచింది, చౌరస్తాలో పోలీసులాగా.

"కోపమొచ్చింది. జర ఆగున్రి."

కళ్ళు మూసుకున్నారు. మాకు అలవాటే, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాం. సేటుకు అలవాటు లేదు. "ఏమైంది?" అని నన్ను సైగతో అడిగాడు. వస్తున్నది, పోతుంది అని నేనూ సైగతోనే చెప్పాను. అయ్యవారు చాచిన చెయ్యి నొప్పెట్టి కొబ్బరికాయను పళ్ళెంలోకి దించుకున్నాడు. కర్పూరం ఆరిపోయింది. కింద రోడ్డు మీద ఎవరో పిల్లలు బూర ఊదుకుంటూ పోయారు. చెవుల ఎరుపు దిగింది, దవడ వదిలింది. ఇంతసేపు పట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పోయింది" అన్నారు.

సేటు ముఖం విచ్చుకుంది. "అయ్య, మళ్ళ కర్పూరం ముట్టియ్యి."

"కోపం పోయింది సేట్. పూజ మాత్రం లేదు." లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "మా నాయన గుడి బయట నిలబడి డప్పు కొట్టిండు. అప్పుడు దేవునికి మా పూజ అక్కర లేకుండె. ఇప్పుడు నేను కొబ్బరికాయ కొట్టకుంటె మీ దుకాణం నడువదంటె నేనెట్ల నమ్మాలె?"

సేటు ఎటో చూశాడు. జవాబు దొరకనప్పుడు మనిషి దగ్గర మిగిలేది అధికారమే కాబట్టి, "అయితె ఖాళీ చెయ్యున్రి" అన్నాడు.

"మంచిది. యాదగిరీ, ఆ మొదటి మిషన్ లేపు."

యాదగిరి లేపాడు. వాడికి ఇలాంటి ఆజ్ఞలంటే ప్రాణం.

"ఆగున్రి ఆగున్రి. ఇప్పుడే ఏంది సార్?" సేటు గుమ్మానికి అడ్డం పడ్డాడు. "పండుగ పూట ఇంట్లకెళ్ళి సామాను బయటికి తీస్తరా ఎవరన్న? రేపు తియ్యున్రి. ఎల్లుండి తియ్యున్రి. నెలాఖరుకు తియ్యున్రి."

"ఎందుకు?"

"దసరా నాడు ఇల్లు ఖాళీ అయితె లక్ష్మి పోతది సార్."

"లక్ష్మిని నేనేం తీస్కపోతలే సేట్. నా మిషన్లే తీస్కపోతున్న. మీరు ఖాళీ చెయ్యమన్నరు, చేస్తున్న. నాకు గూడ ఇయ్యాల మంచి రోజే."

సేటు అయ్యవారి వైపు తిరిగాడు. "అయ్యా, మీరన్న చెప్పున్రి."

అయ్యవారు ఆలోచించాడు. "సామాను బయటికి పోవద్దు. నిజమే."

"మరి ఆపున్రి."

"ఆపే మంత్రమైతె లేదు" అన్నాడు అయ్యవారు.

ఒక్కొక్కరం ఒక్కో మిషన్ భుజానికెత్తుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాం. సేటు ప్రతివాడినీ బతిమాలాడు. చివరికి మాస్టరు మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన్ని సేటు ముట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే. "ఒక్క వస్తువన్న ఉంచున్రి సార్. మేడ ఉత్తగ ఉండద్దు."

మాస్టరు చుట్టూ చూసి, గోడ మీది క్యాలెండరు తీసి ఆయన చేతిలో పెట్టారు.

"మీవాడే అన్నరు గద. ఉంచుకోన్రి."

*

ఎక్కడికి వెళ్తున్నామో రోడ్డు మీదికి వచ్చాక గానీ ఎవరికీ ఆలోచన రాలేదు. మాస్టరు కూడా అప్పుడే ఆగి, రుమాలుతో మెడ తుడుచుకున్నారు. నాంపల్లిలో మా ఇంటి ముందు వసారా ఖాళీగా ఉందని నేనే అన్నాను. మా నాయనను అడగాలి కదా అని ఎవరూ గుర్తు చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

పండుగ పూట రిక్షా ఒక్కటి లేదు. అబిడ్స్ నిండా కొత్తబట్టల జనం, జమ్మి ఆకు పంచుకుంటూ, అలాయ్ బలాయ్ తీసుకుంటూ. టైపు మిషన్ మోస్తున్న మనిషిని కౌగిలించుకోవడం కష్టం. అయినా కొందరు ప్రయత్నించారు. కుదరనివాళ్ళు జమ్మి ఆకును మిషన్ అక్షరాల మీద పెట్టి పోయారు.

మలుపులో ఒక జవాను లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏంది గిది? జులూసా?"

"కాదు సాబ్. ఇల్లు మారుతున్నం" అన్నారు మాస్టరు.

"అయిదుగురి కంటె ఎక్కువ కలిసి నడువద్దు. ఆర్డరున్నది."

మాస్టరు చెయ్యి కొద్దిగా లేచింది. ఆయన చెవులకేసి చూశాను. మామూలుగానే ఉన్నాయి. వెనక్కి తిరిగి మా అందరినీ చూశారు: జమ్మి ఆకులు పెట్టుకున్న మిషన్లు, చెమటలు, యాదగిరి తల మీద ఒకటి, చంకలో ఇంకొకటి. చాయ్‌లో బిస్కట్టు పడినప్పటి నవ్వు మొదలైంది. నడి రోడ్డు మీద, ఉన్న చోటు పోయి, పోయే చోటు నిర్ణయం కాక, ఆ మనిషి కడుపు పట్టుకుని నవ్వారు. జవాను ముందు అనుమానంగా చూశాడు, తర్వాత ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు. నలుగురు నలుగురుగా విడిపోయి, మధ్యమధ్య అపరిచితుల్లాగా నటిస్తూ నాంపల్లి చేరాం.

మా అమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, "ఆగున్రి అక్కడ్నే" అంది.

ఆగాం. నా గుండె కాస్త ముందే ఆగింది. అమ్మ లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి, ఎవరినీ అడగకుండా మొదటి మిషన్‌కు బొట్టు పెట్టేసింది.

"అమ్మా, వద్దు" అన్నాను.

"ఏంది వద్దు? పండుగ పూట ఇంట్లకు ఇంత ఇనుము వస్తుంటె బోసి మొకంతోని రానిస్తనా?" వరసగా అన్నిటికీ పెట్టుకుంటూ వచ్చింది. అబిడ్స్‌లో ఏది వద్దని మేడ వదులుకున్నామో అది నాంపల్లిలో ఊపిరి తీసేలోపు అయిపోయింది. యాదగిరి నా వైపు చూశాడు. నేను మాస్టరు వైపు చూడలేదు.

అమ్మ ఆయన ముందు ఆగింది. వేలి మీద కుంకుమ ఉంది.

"మీకు పెట్టాల్నా అన్నా?"

"వద్దు చెల్లె."

"సరే. మంచినీళ్ళు తాగుతరా?"

"తాగుత."

అమ్మ మేము తాగే గ్లాసులోనే నీళ్ళు తెచ్చింది. ఆయన వసారా మెట్టు మీద కూర్చుని, గ్లాసు మొత్తం తాగారు.

"కోపం రాలేదా సార్?" అని మెల్లగా అడిగాను.

కళ్ళు మూసుకుని వెతికారు. నిజంగానే వెతికారు.

"రాలే" అన్నారు. "అడిగింది. వద్దన్న. సరే అన్నది. గింత దానికి కోపమెందుకొస్తది?" గ్లాసు పక్కన పెట్టి, "సేట్ గిట్ల అడిగుంటె మనం గీడికి వచ్చేటోళ్ళమే కాదు" అని, బొట్లు పెట్టుకుని వరసగా కూర్చున్న మిషన్లను చూసి మళ్ళీ నవ్వారు.

మా నాయన సాయంత్రం వచ్చి, వసారా చూసి, తన చెప్పులు విడవడానికి వేరే చోటు వెతుక్కున్నాడు. ఇన్‌స్టిట్యూట్ ఎండాకాలం దాకా అక్కడే నడిచింది. ఆ తర్వాత స్టేషను వెనక ఒక రేకుల షెడ్డు దొరికింది, ఆయన పోయేదాకా అందులోనే. రైళ్ళ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అయినా ముందు కూర్చోవలసిందే.

దసరా మరునాడు మిషన్లు పరిచి కొట్టి చూస్తే సగం పని చెయ్యలేదు. కుంకుమ వల్ల కాదు. టైపు మిషన్‌ను మోసేటప్పుడు పైన అటూ ఇటూ జరిగే క్యారేజీని నడిమికి తెచ్చి గుడ్డతో కట్టాలట. మేము కట్టలేదు.